ముందు గ్రిల్లు, తర్వాతే పెట్టె

మా షెడ్డు ఎమ్మిగనూరు నుంచి మంత్రాలయం వచ్చే రోడ్డు పక్కన ఉంది. ట్రాక్టరు ట్రాలీలు, ఇనుప గేట్లు, మఠం దారిలో నిలబడే టీ బండ్లు, ఏది వచ్చినా చేస్తాం. వాటన్నిట్లో నాకు మనసైన పని ఒకటుంది. జిప్సీ, జిమ్నీ, పాత మహీంద్రా జీపు, థార్ లాంటి చిన్న బండి వెనకభాగాన్ని సామాను మోసేలా తయారు చెయ్యడం.

బండి తెచ్చినవాళ్లు దాదాపు అందరూ ఒకటే మాట అంటారు. "సీట్లు పీకేసి రేకు పరిచెయ్యప్పా, అంతే గదా!" రేకు పరచడం పూటపని. ఆ రేకు మీద పెట్టిన బరువు మిట్టా పల్లాల్లో, సడన్ బ్రేకులో, వానలో ఏమవుతుందో ముందే లెక్క కట్టడమే అసలు పని.

ఈ బళ్లు తెచ్చేవాళ్లు షోకు కోసం తేరు. బోరు మోటార్లు పైకి తీసి దింపే మెకానిక్కులు, డ్రిప్పు లైన్లు బాగుచేసేవాళ్లు, పశువుల డాక్టర్లు, విత్తనాల కంపెనీల ఫీల్డు మనుషులు వస్తారు. నది అవతల రాయచూరు జిల్లా నుంచి కేఏ 36 నెంబర్లతోనూ వస్తారు. ట్రాలీ ఆటో చవక కదా, జీపు ఎందుకని ఎవరైనా అడగొచ్చు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు నల్లరేగడి చేన్లలో ఒక్క మంచి వాన పడ్డాక నడిచి చూడండి. చెప్పుకు పట్టిన మట్టి కాలు ఎత్తనివ్వదు. ఆ బురదలో నాలుగు చక్రాలూ లాగే బండి, అందులోనూ లో గేరు ఉన్న బండి మాత్రమే బోరు దాకా పోతుంది. పత్తికో మిరపకో నీళ్లు ఆగిపోయిన రైతు మెకానిక్కుకు ఫోను చేసి గట్టు మీద కూర్చుని ఉంటాడు. రోడ్డు దగ్గరే బండి ఆపి పానాలు భుజాన మోసుకుపోతే సగం పొద్దు అక్కడే గడిచిపోతుంది.

నేను టేపు తీసేముందు కాటా చీటీ అడుగుతాను. 2023 జూన్‌లో మన దేశంలో అమ్మకానికొచ్చిన అయిదు తలుపుల జిమ్నీనే తీసుకోండి. ఖాళీ బండి సుమారు 1,200 కిలోలు. బండీ మనుషులూ సామానూ అన్నీ కలిపి ఉండదగ్గ మొత్తం బరువు 1,545 కిలోలని కంపెనీయే చెప్పింది. తేడా 345. ముందు సీట్లలో ఇద్దరు కూర్చుంటే 140 పోయింది. నేను కట్టే సామాను పెట్టె, డ్రైవరు వెనక నిలిపే గ్రిల్లు కలిపి 45 కిలోలు తూగాయనుకోండి, సామానుకు మిగిలేది 160 కిలోలే. బోరు మెకానిక్కు దగ్గర చైను పుల్లీ బ్లాకు, పైపు రెంచీలు, క్లాంపులు, కేబులు చుట్టలు ఉంటాయి. వాటికి తోడు రైతు దగ్గర తీసిన సబ్‌మెర్సిబుల్ మోటారు కూడా వేసుకొస్తాడు. అన్నీ కాటా ఎక్కిస్తే 160 దాటడం నేను మళ్లీ మళ్లీ చూశాను. అలాంటివాళ్లకు నా దగ్గర పని చేయించుకోవద్దనీ పికప్పు కొనుక్కోమనీ ముఖం మీదే చెబుతాను. పని పోతే పోనీ.

అందుకే పెట్టె తేలికగా ఉండాలి. నేను పట్టుదలగా పాటించే విషయాల్లో ఇదొకటి. 3 మిల్లీమీటర్ల ఇనుప చెక్కర్డు ప్లేటు చదరపు మీటరుకు 25 కిలోల దాకా తూగుతుంది. వెనక నేల ఒకటిన్నర చదరపు మీటర్లయితే రేకు ఒక్కటే 37 కిలోలు. అదే జాగాకు 2 మిల్లీమీటర్ల అల్యూమినియం చెక్కర్డు వేస్తే పది కిలోలు దాటదు. ప్లైవుడ్ సంగతీ అంతే. 18 మిల్లీమీటర్ల షీటు, ఎనిమిదడుగులకు నాలుగడుగులది, 35 కిలోలుంటుంది. 12ది 24 కిలోలు. నేను కింద 25 మిల్లీమీటర్ల చదరపు పైపు, 16 గేజిది, చట్రం కట్టి దాని మీద 12 ప్లైవుడ్ వేస్తాను. ఆ పైపు మీటరుకు కిలో పై చిల్లర తూగుతుంది. బలం చట్రంలో ఉన్నప్పుడు చెక్క మందం పెంచి లాభం లేదు. "ఇనుమే వెయ్యి సామీ, నాలుగు కాలాలుంటాది" అనే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు. ఇనుము నిలుస్తుంది, నిజమే. బండి కింద కమాన్లు నిలవవు.

బరువు ఎంత అన్నది సగం సంగతి. ఎక్కడ పెట్టావన్నది మిగతా సగం. మా నాయన ఎద్దుల బండి చక్రాలకు ఇనుప పట్టా కాల్చి ఎక్కించేవాడు. బండిలో శనక్కాయ మూటలు వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేచి, మెడతాడు ఎద్దుల గొంతుకు బిగుస్తుందని చూపించేవాడు. జీపులోనూ జరిగేది అదే, కాకపోతే ఇక్కడ తేలేది స్టీరింగు. జిమ్నీ ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 2,590 మిల్లీమీటర్లు. వెనక ఇరుసుకు అర మీటరు వెనగ్గా, అంటే తలుపు దగ్గర, 100 కిలోలు పెట్టండి. వెనక ఇరుసు మీద 119 కిలోలు పడుతుంది. ముందు ఇరుసు మీద ఉన్న బరువులోంచి 19 కిలోలు తగ్గుతుంది. అదే 100 కిలోలను ముందుసీటు వీపుకు ఆనించి పెడితే అది రెండు ఇరుసుల మధ్యకొచ్చి ముందు చక్రాలకూ కొంత పంచుతుంది. అందుకే మోటారు, పుల్లీ బ్లాకు లాంటి దిట్టమైనవన్నీ ముందుసీటు వెనకే, నేలకు ఆనుకునే ఉండాలి. తలుపు దగ్గర తేలిక సామాను: గొట్టం జాయింట్లు, టేపులు, తాడు, నీళ్ల క్యాను.

"ఇంకో కమాను పట్టీ ఎక్కించెయ్, ఎంతైనా మోస్తాది" అనే సలహా మా వీధిలో చవగ్గా దొరుకుతుంది. కమాన్లున్న పాత జీపుల్లో పట్టీ కలిపితే తోక కిందికి దిగదు, అంతవరకు సరే. కానీ బ్రేకులు అవే, ఇరుసు అదే, చాసీ అదే. ఖాళీగా పోయేటప్పుడు వెనక చక్రం గుంతగుంతకూ ఎగురుతుంది. జిమ్నీకైతే కమాన్లే లేవు, నాలుగు మూలలా కాయిల్ స్ప్రింగులు.

ఈ బళ్ల వెనక భాగాలు పుట్టుకలోనే రెండు రకాలు. మహీంద్రావాళ్లు విల్లీస్ జీపులు మన దేశంలో కూర్చడం మొదలుపెట్టినప్పటి నుంచి చాలా కాలం జీపు వెనకంటే ఎదురెదురు బెంచీలే. చక్రం పైన రేకు పెట్టె, దాని మీద దిండు. 1985లో వచ్చిన జిప్సీ, 2010లో వచ్చిన మొదటి థార్ చాలావరకు ఆ దారిలోనివే. నాలుగు బోల్టులు విప్పితే బెంచీ చేతికొస్తుంది, రెండు చక్రపు పెట్టెల మధ్య బల్లపరుపు నేల మిగులుతుంది. మా పనికి అంతకన్నా మంచి బండి లేదు. మిలిటరీ వేలంలో జిప్సీ కొనుక్కొచ్చినవాళ్లు మా షెడ్డుకొస్తే ఆ రోజు నాకు పండగే. కొత్తవి వేరు. జిమ్నీలో వెనకసీటు నిలబెట్టి ఉంటే డిక్కీ 208 లీటర్లు, మడిస్తే 332. మడిచినా నేల సమంగా రాదు, మడిచిన సీటుకూ డిక్కీకీ మధ్య మెట్టు మిగులుతుంది. ఆ మెట్టును పూడ్చి పైన బల్లపరుపు చెయ్యడమే అక్కడ సగం పని.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది గ్రిల్లు గురించి. డ్రైవరు వీపు వెనక, నేల నుంచి టాపు దాకా నిలిచే ఇనుప జాలీ. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి దేన్నైనా గుద్ది అర మీటరు లోపల ఆగిందనుకోండి, లోపలున్న ప్రతి వస్తువూ తన బరువుకు 20 రెట్ల తోపుతో ముందుకొస్తుంది. 20 కిలోల పానాల పెట్టె 400 కిలోల దెబ్బ. మన రోడ్ల మీద గుద్దడానికి లారీయే రానక్కర్లేదు. రాత్రి లైటు లేని ఎద్దుల బండి, పత్తి మూటలతో సగం రోడ్డు ఆక్రమించిన ట్రాక్టరు, అడ్డమొచ్చిన గేదె చాలు. సీటుబెల్టు మనిషిని పట్టుకుంటుంది. వెనకనుంచి వచ్చే రెంచీని ఎవరు పట్టుకోవాలి?

అందుకని ఖర్చు తగ్గించమని అడిగేవాళ్లకు నేను సొరుగులు తగ్గిస్తాను, అల్యూమినియం బదులు ప్లైవుడ్ మీద రెక్సిన్ అంటిస్తాను. గ్రిల్లు మాత్రం తగ్గించను. గ్రిల్లు వద్దన్నవాళ్లకు పెట్టె కట్టి ఇవ్వను. 25 మిల్లీమీటర్ల గుండ్రటి పైపుతో చట్రం, మధ్యలో రెండంగుళాల గళ్ల వెల్డు మెష్. గళ్లు అంతకన్నా చిన్నవైతే లోపలి అద్దంలో వెనక రోడ్డు కనపడదు. డ్రైవరు సీటు వెనక్కి వాల్చుకోవడానికి జాగా వదలాలి, పొడుగు మనిషిని కూర్చోబెట్టే కొలత తీసుకోవాలి.

బిగించేందుకు కొత్త రంధ్రాలు పొడవడం నాకిష్టం ఉండదు. తీసేసిన వెనకసీటు బోల్టులు, దాని బెల్టుల బోల్టులు ఉన్న చోట్లు కంపెనీ బలంగా చేసినవే, వాటినే వాడుకుంటాను. ఇక్కడో మెలిక ఉంది, చిన్న మెకానిక్కులు గమనించాలి. చాలా బళ్లలో సీటుబెల్టు బోల్టు మిల్లీమీటర్ల లెక్కది కాదు. 7/16 అంగుళం, సన్న మర. చేతికందిన 12 మిల్లీమీటర్ల బోల్టు దాంట్లో బలవంతంగా తిప్పితే లోపలి మర అరిగిపోతుంది, ఆ బండిలో మళ్లీ ఎప్పుడూ వెనకసీటు బెల్టు నమ్మకంగా నిలవదు. మనుషులు వాడుతున్న బెల్టు బోల్టును మాత్రం గ్రిల్లుకూ పెట్టెకూ ఎప్పుడూ వాడకూడదు.

తప్పనిసరై నేలకు రంధ్రం పెట్టాల్సి వస్తే బండి కిందికి దూరి చూడందే డ్రిల్లు పట్టను. పాత విల్లీస్ రకం జీపులో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కింద ఉంటుంది. జిప్సీ, జిమ్నీల్లో వెనక నేల కింద ఉంటుంది. పైనుంచి చూస్తే కింద ట్యాంకు ఉన్న చోటూ లేని చోటూ ఒకే రేకు. బండి లోపల వెల్డింగు వీలైనంతవరకు చెయ్యను. చట్రం మొత్తం షెడ్డులో నేల మీదే అతికి, రెడ్ ఆక్సైడు పూసి, ఆరాక బండిలోకి దింపి బోల్టులతో బిగిస్తాను. బండిని తాకి వెల్డింగు చెయ్యక తప్పని పాతకాలపు జీపుల్లో బ్యాటరీ తీగలు విప్పాకే అర్తింగు తగిలిస్తాను. కొత్త బళ్లలో ఇంజను నడిపే పెట్టె ఒకటుంటుంది, వెల్డింగు కరెంటు దాంట్లోకి పోయిందంటే రైతు రెండు పంటల డబ్బు పోయినట్టే.

పెట్టె కొలతలకు అట్ట ముక్కలే మంచివి. చక్రపు వంపు, తలుపు వాలు టేపుకు అందవు. అట్ట కోసి, ఆనించి, మళ్లీ కోసి, సరిపోయాకే ప్లైవుడ్ మీద గీస్తాను. నేలకు ఆనుకుని ఎడమా కుడీ రెండు పొడుగాటి సొరుగులు, వాటి పైన బల్లపరుపు. పైబల్ల మీద కొండీలు, వాటికి రాట్చెట్ బెల్టులు. తాడుతో కట్టే అలవాటు మానండని అందరికీ చెబుతాను. గతుకుల్లో తాడు వదులవుతుంది, బెల్టు వదులవదు. స్టెప్నీ మోసే వెనక తలుపు పక్కకు తెరుచుకుంటుంది కదా, అది పూర్తిగా తెరుచుకోకపోయినా సొరుగు తగలకుండా బయటికి రావాలి. సొరుగుకు గడియ ఒకటి చాలదు, రెండు పెడతాను. నది గట్టు ఎక్కేటప్పుడు బండి ముక్కు పైకి లేస్తుంది, నిండు సొరుగు బరువంతా గడియ మీదే పడుతుంది.

సొరుగు జారే పట్టీల విషయంలో నా అభిప్రాయం దుకాణాలవాళ్లకు నచ్చదు. గోలీలున్న టెలిస్కోపిక్ చానళ్లు ఇంట్లో అల్మారాకు బాగుంటాయి. మా దగ్గర వేసవి అంతా ధూళే. రేగడి ధూళి గ్రీజులో కలిస్తే సాన పట్టే ముద్ద తయారవుతుంది, గోలీలను అదే తినేస్తుంది. నేను నైలాను పట్టీలు వేసి, గ్రీజు లేకుండా, కొవ్వొత్తి మైనం రుద్ది వదులుతాను. బిగుసుకుంటే గుడ్డతో తుడిస్తే చాలు. సొరుగుకు ఇరుపక్కలా 3 మిల్లీమీటర్ల సందు వదులుతాను. ఏప్రిల్, మే నెలల ఎండకు చెక్క ముడుచుకుంటుంది, జూలై వానకు ఉబ్బుతుంది. ఎండాకాలంలో బిగువుగా కుదిర్చిన సొరుగు వానాకాలంలో పగలగొడితే తప్ప రాదు.

ధూళి లోపలికి ఎలా వస్తుందో కూడా తెలుసుకోవాలి. బండి పోతుంటే దాని వెనక గాలి పలచబడుతుంది, చక్రాలు లేపిన ధూళిని తలుపు సందుల్లోంచి లోపలికి లాగుతుంది. కాబట్టి పెట్టెకు మూతలు బిగించే ముందు వెనక తలుపు రబ్బరు బీడింగు మార్చాలి. కిటికీలన్నీ మూసి, ఫ్యాను బయటి గాలి తీసుకునేలా పెట్టుకుంటే లోపల గాలి ఒత్తిడి కాస్త పెరిగి ధూళి తగ్గుతుంది. వెనక కిటికీ ఒక్కటే తెరిచిపెట్టడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు.

నీళ్ల గురించి మా ఊరివాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర మంత్రాలయంలోకి వచ్చింది, మఠమూ ఊరూ మునిగాయి. ఆ తర్వాత నీళ్లలో నిలిచిన బళ్లు విప్పితే పెట్టెల కింద, చాసీ పైపుల్లో ఒండ్రు గడ్డకట్టి ఉండేది. మామూలు ప్లైవుడ్ పొరలు పొరలుగా విడిపోయింది. అప్పటినుంచి ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ తప్ప నేలకు వాడను. కోసిన అంచులకు రెండు పూతలు పూస్తాను, నీళ్లు చెక్కలోకి అంచుల నుంచే పోతాయి. బండి నేలలో కంపెనీ పెట్టిన నీళ్లు పోయే రంధ్రాల మీద ఏదీ అడ్డం రానివ్వను. చట్రాన్ని నేలకు అతుక్కోనివ్వకుండా రబ్బరు ముక్కల మీద నిలబెడతాను. చప్పుడూ తగ్గుతుంది, తడీ ఆరుతుంది.

పురుగుమందు డబ్బాలు రోజూ మోసేవాళ్లకు నేను ఈ పని చెయ్యను. హార్డ్‌టాప్ జీపులో డ్రైవరు పీల్చే గాలీ సామాను గాలీ ఒకటే. మూతలకు రబ్బరు వేస్తే వాసన ఆగుతుందేమో, ఒక డబ్బా కారితే ఏమీ ఆగదు. వాళ్లకు వెనక విడిగా తొట్టి ఉన్న పికప్పే సరైనది. ఆ డబ్బాల పక్కనే సద్ది మూట, నీళ్ల సీసా పెట్టుకుని తిరిగే కుర్రాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

పెట్టె మూత మీద దిండు కుట్టి ఇమ్మని అడిగేవాళ్లున్నారు, నలుగురు కూలీలు కూర్చోవడానికి. మా పడమటి మండలాల నుంచి సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, పోయే జనం ఎలాంటి బళ్లలో, ఎలా కుక్కుకుని పోతారో ఈ రోడ్డు పక్కన నిలబడ్డ ఎవరికైనా కనపడుతుంది. బెల్టు లేని, వీపుకు ఆధారం లేని చోట మనిషిని కూర్చోబెట్టే పనికి నా చెయ్యి కలపను. సామాను కోసం కట్టిన చోట సామానే ఉండాలి.

చట్టం గురించి కూడా చెప్పే పంపిస్తాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని మరింత గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. అందుకే బాడీ కొయ్యను, చాసీ పొడిగించను, తోక బయటికి పెంచను. బోల్టు విప్పితే ఊడొచ్చే పెట్టె వేరు, బండి రూపమే మార్చడం వేరు. అయినా సీట్లు శాశ్వతంగా తీసెయ్యాలనుకునేవాళ్లు ముందు ఆర్టీఓ ఆఫీసులో, బీమా కంపెనీలో అడిగి రాతపూర్వకంగా తెచ్చుకోవాలి. తెల్ల నెంబరు ప్లేటు బండిలో సొంత పానాలు మోసుకోవచ్చు, ఊళ్లోవాళ్ల సరుకు బాడుగకు మోయకూడదు.

మీలో ఎవరైనా ఈ పని చేయించుకోవాలనుకుంటే, మా దగ్గరికే రానక్కర్లేదు, మీ ఊళ్లో చెయ్యి తిరిగిన వెల్డరుంటే చాలు. మీ సామాను మొత్తం, నీళ్ల క్యానుతో సహా, ఒకసారి కాటా ఎక్కించి ఆ చీటీ ఆయన చేతిలో పెట్టండి. గ్రిల్లు ముందు బిగించమనండి, పెట్టె తర్వాత. విప్పిన సీట్లు, బెల్టులు, వాటి బోల్టులు ఒక సంచిలో కట్టి ఇంట్లో భద్రంగా దాచుకోండి. మీరు బండి అమ్మే రోజున కొనేవాళ్ల పిల్లలు కూర్చోవాల్సింది వాటి మీదే.